శాంతి కమిటీలో పెద్దలు, ఊరేగింపులో పిల్లలు

వినాయక నిమజ్జనానికి నాలుగైదు రోజుల ముందు వరంగల్‌లో, కరీంనగర్‌లో, నిర్మల్‌లో పోలీసులు శాంతి కమిటీ మీటింగ్ పెడతారు. మొహర్రంకు, మిలాద్‌కు (ప్రవక్త జయంతికి), హనుమాన్ జయంతికి కూడా ఇదే పద్ధతి. వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, చాయ్, బిస్కెట్లు. ఉత్సవ కమిటీ పెద్దలు, మసీదు కమిటీ అధ్యక్షుడు సదర్ సాబ్, వీలైతే ఒక పాస్టర్, ఒకరిద్దరు మాజీ కార్పొరేటర్లు వస్తారు. ఊరేగింపు ఏ దారిన పోవాలి, డీజే ఎక్కడ బంద్ చేయాలి, మసీదు ముందు నుంచి ఎంతసేపట్లో దాటాలి అన్నది మాట్లాడుకుంటారు. ఫొటో దిగుతారు. మంచి పనే. అయితే ఆ ఫొటోలో ముప్పై ఏళ్ళ లోపు ముఖం దాదాపు కనిపించదు. ఆ తర్వాత ట్రాక్టర్ ముందు ఎగిరేది, జెండా పట్టుకునేది, గల్లీ మలుపులో బైకులు ఆపి నిలబడేది మాత్రం ఇరవై ఏళ్ళ పిల్లలు. లోపల ఏం ఒప్పుకున్నారో వాళ్ళలో చాలామందికి తెలియదు. తెలిసినా ఆ ఒప్పందం వాళ్ళది కాదు.

ఉత్తర తెలంగాణలో మతాల మధ్య మాట గురించి ఆలోచించేటప్పుడు మొదట పట్టించుకోవాల్సిన లోటు ఇది. మాట ఇచ్చేవాళ్ళు ఒకరు, దారిలో నడిచేవాళ్ళు ఇంకొకరు.

ఈ లోటు ఎంత ఖరీదైనదో నిర్మల్ జిల్లాలోని భైంసాను అడిగితే తెలుస్తుంది. 2008 అక్టోబర్‌లో, 2020 జనవరిలో, 2021 మార్చిలో ఆ పట్టణం మతఘర్షణలు చూసింది. 2008లో దగ్గర్లోని వాటోలిలో ఒకే కుటుంబంలో ఆరుగురు మంటల్లో చనిపోయారు. 2020లో గొడవ సైలెన్సర్ తీసేసిన బైకుల చప్పుడు దగ్గర మొదలైందని అప్పటి వార్తలు చెప్పాయి. బైకు నడిపే పిల్లగాడి పేరు, వాళ్ళ నాయన పేరు తెలిసిన గల్లీలో అయితే ఆ చప్పుడు ‘అరే, జర మెల్లగ పోరా’ అన్న మాటతో ఆగిపోతుంది. పేరు తెలియని చోట ముందు కనిపించేది మతమే. ఇళ్ళు, బండ్లు కాలిపోవడానికి ఆ తర్వాత ఎక్కువ సమయం పట్టలేదు. 2024 సెప్టెంబర్‌లో ఆసిఫాబాద్ జిల్లా జైనూర్‌లో ఇంకో రకంగా జరిగింది. ఒక ఆదివాసీ మహిళపై జరిగిన దారుణమైన దాడి మీద కోపం, నిందితుడి మతానికి చెందినవాళ్ళందరి దుకాణాల మీదికి మళ్ళింది. ఆ కోపం న్యాయమైనదే. కానీ దుకాణాలు తగలబడిన తర్వాత రోజుల తరబడి ఊరంతా మాట్లాడింది మంటల గురించి, కర్ఫ్యూ గురించి. ఆ మహిళకు జరగాల్సిన న్యాయం గురించిన మాట వెనక్కి పోయింది.

ఇక మాట అంటే ఏమిటి? వేదిక మీద ముగ్గురు మతపెద్దలు కూర్చుని ‘అన్ని మతాలూ ఒక్కటే’ అని చెప్పి శాలువాలు కప్పుకోవడం కాదు. అన్ని మతాలూ ఒక్కటి కావు. నమ్మేవాళ్ళకు ఆ తేడాలు ప్రాణమంత ముఖ్యం. వాటిని చెరిపేసి మాట్లాడితే మనసులో ఉన్నది ఎవరూ బయట పెట్టరు.

హనుమకొండలో 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి ఈ విషయాన్ని బాగా అర్థం చేయిస్తుంది. అది త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి మూడు గర్భగుళ్ళు. మూడూ ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి. ఆ కాలంలో శైవం, వైష్ణవం, జైనం మధ్య పోటీ చిన్నది కాదు. కొంచెం దూరంలోనే పద్మాక్షి గుట్ట మీద తీర్థంకరుల శిల్పాలు ఇప్పటికీ ఉన్నాయి. కాకతీయులు తొలి రోజుల్లో జైనాన్ని ఆదరించి తర్వాత శైవం వైపు మళ్ళిన చరిత్రకు ఆ గుట్ట సాక్ష్యం. అదే గుట్ట కింద చెరువు దగ్గర ఇవాళ సద్దుల బతుకమ్మకు ఓరుగల్లు ఆడవాళ్ళు వేల మంది చేరతారు. త్రికూటాలయం కట్టినవాళ్ళు ముగ్గురు దేవుళ్ళనూ ఒక్క విగ్రహంగా కలిపేయలేదు. ఎవరి గర్భగుడి వాళ్ళకు ఉంచి, కలుసుకోవడానికి మండపం కట్టారు. మతాల మధ్య మాటకు కావాల్సింది అలాంటి మండపమే. గర్భగుడి మార్చుకొమ్మని అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు. ‘మాట్లాడటం మొదలుపెడితే మతం మారుస్తారేమో’ అన్న భయం మన ఊళ్ళలో నిజంగా ఉంది కాబట్టి, ఈ సంగతి మొదటి రోజే, మొదటి మాటగానే చెప్పుకోవాలి. రాజ్యాంగంలోని 25వ అధికరణ ఇచ్చిన స్వేచ్ఛ ఎవరి నమ్మకం వాళ్ళు పాటించుకోవడానికి. 51ఎ అధికరణ అందరి మధ్య సోదరభావం పెంచడాన్ని పౌరుల బాధ్యతగా చెప్పింది. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి.

ఉత్తర తెలంగాణ ఊళ్ళకు ఈ మండపం కొత్తది కాదు. పీర్ల పండుగ చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఊదు పొగ, దట్టీలు, మాలీద ముద్దలు, అలావా (నిప్పుల గుండం) చుట్టూ తెలుగు పాటలు. ఒక్క ముస్లిం ఇల్లు లేని ఊళ్ళో కూడా పీరీలు లేచేవి. ఖాజీపేటలో 19వ శతాబ్దపు సూఫీ అఫ్జల్ బియాబానీ దర్గా ఉర్సుకు అన్ని మతాలవాళ్ళూ వస్తారు. వేములవాడ రాజన్న గుడి ప్రాంగణంలో దర్గా ఉండటం, కోడె మొక్కు తీర్చుకునేవాళ్ళు అక్కడా దండం పెట్టుకోవడం తరతరాల అలవాటు. పెండ్లికో పండుగకో యాటను కోయాలంటే ముల్లాసాబును పిలవడం చాలా ఊళ్ళలో మామూలు సంగతి. జర, జాగ, పరేషాన్, దవాఖానా అన్న మాటలు లేకుండా ఇక్కడి తెలుగు ఒక పూట కూడా నడవదు.

ఈ అలవాట్లను తలుచుకుని ‘అప్పట్లో ఎంత బాగుండేది’ అనుకోవడం సులభం. కానీ వాటితోనే ఇప్పటి పిల్లలను కాపాడగలం అనుకుంటే పొరపాటు. కారణాలు రెండున్నాయి. మొదటిది, చదువుకున్న ముస్లిం యువకుల్లో చాలామంది పీరీలను ఎత్తడం తమ మతానికి సరిపడదని నిజాయితీగా నమ్ముతున్నారు. ‘మనం అక్కడికి ఎందుకు పోవాలి’ అని అడిగే హిందూ యువకులూ పెరిగారు. దర్గాకు పోవడం, ప్రసాదం తినడం తమ విశ్వాసానికి విరుద్ధమని చెప్పే క్రైస్తవ యువత కూడా ఉంది. వీళ్ళందరినీ ఛాందసులు అని కొట్టిపారేస్తే వాళ్ళతో మాట మొదలే కాదు. రెండోది, ఊరి అలవాటు ఊళ్ళోనే ఉండిపోతుంది. ఊరు వదిలి హనుమకొండ హాస్టల్‌కు వచ్చిన పిల్లగాడి వెంట అలావా రాదు.

రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్ణేయ్ 2002లో వెలువరించిన అధ్యయనం ఈ రెండో కారణాన్ని చక్కగా పట్టుకుంది. ఆయన ఆరు నగరాలను జంటలుగా పోల్చి చూశారు: అలీగఢ్‌తో కాలికట్, హైదరాబాద్‌తో లక్నో, అహ్మదాబాద్‌తో సూరత్. పలకరింపులు, పండుగకు పిలుపులు, పిల్లల ఆటలు వంటి రోజువారీ సంబంధాలు పల్లెకు సరిపోవచ్చు కానీ, నగరంలో ఎవరో పనిగట్టుకుని నిప్పు పెట్టాలని చూసినప్పుడు అవి ఒక్కటే నిలబడవని ఆయన తేల్చారు. అక్కడ నిలబడేది రెండు మతాలవాళ్ళూ కలిసి సభ్యులుగా ఉన్న సంఘాలు: కార్మిక సంఘం, వ్యాపారుల సంఘం, చదువరుల బృందం, పార్టీ శాఖ. పుకారు పుట్టిన రాత్రి ఫోన్ చేసి ‘అసలు సంగతేంది?’ అని అడగడానికి అవతలి వైపు ఒక మనిషి, ఆ మనిషితో ఒక లావాదేవీ ఉండాలి. లక్నోలో బట్టల మీద చేసే ‘చికన్’ ఎంబ్రాయిడరీ కుట్టుపని హిందూ వ్యాపారులను, ముస్లిం పనివాళ్ళను అలా కట్టి ఉంచింది.

వరంగల్‌కూ అలాంటి తాళ్ళు ఉండేవి. 1934లో మొదలైన ఆజంజాహీ బట్టల మిల్లు దశాబ్దాల పాటు ఈ ఊరి పొద్దును సైరనుతో నడిపింది. ఒకే షిఫ్టు, ఒకే జీతం, ఒకే యూనియన్. మిల్లు మూతపడినప్పుడు ఉద్యోగాలు పోయాయని అందరూ అన్నారు. అన్ని మతాలవాళ్ళు కలిసి కొట్లాడే ఒక చోటు కూడా పోయిందని ఎవరూ లెక్క రాయలేదు. సింగరేణిలో ఒకే బావిలో దిగే కార్మికుల మధ్య ఆ బంధం ఇంకా ఉంది. అయితే ఇప్పుడు ఇరవై ఏళ్ళవాళ్ళకు అలాంటి పర్మినెంట్ ఉద్యోగం దొరకడం గగనం. మరి వాళ్ళ సంఘం ఏది?

‘యూత్’. తెలంగాణలో ఈ మాటకు ప్రత్యేకమైన అర్థం ఉంది. గల్లీకో యూత్ ఉంటుంది. ఫ్లెక్సీ, టీషర్టులు, చందా పుస్తకం, వినాయకుడి మండపం, క్రికెట్ టోర్నమెంట్ అన్నీ దాని పేరు మీదే. మిలాద్‌కు పచ్చజెండాలు కట్టేది, షర్బత్ పంచేది ఇంకో గల్లీ యూత్. క్రిస్మస్‌కు స్టార్ కట్టి ఇంటింటికీ పాటలకు తిరిగేది చర్చి యూత్. క్రమశిక్షణ, డబ్బు లెక్క, రాత్రంతా మేలుకునే ఓపిక అన్నీ వాళ్ళలో ఉన్నాయి. పిల్లలకు పనీపాటా లేదని తిట్టేవాళ్ళు ఒక్క మండపం లెక్క చూస్తే అభిప్రాయం మార్చుకుంటారు. ఒక్కటే లోపం: ప్రతి యూత్ ఒకే గల్లీది, ఒకే మతానిది, చాలాసార్లు ఒకే కులానిది. అంటే సంఘాలు లేకపోవడం ఇక్కడ సమస్య కాదు. వాటి మధ్య వంతెన లేదు. కొత్తగా ఇంకో సామరస్య వేదిక పెట్టడం కన్నా, ఈ గల్లీ యూత్ అధ్యక్షుడి ఫోన్‌లో ఆ గల్లీ యూత్ అధ్యక్షుడి నంబర్ ఉండేట్టు చేయడం ఎక్కువ పని చేస్తుంది.

అలాంటి నంబరు ఎప్పుడు దొరుకుతుంది? కలిసి పని చేసినప్పుడు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పిన సంగతి ఇది. ఊరికే పక్కపక్కన ఉంటే ద్వేషం తగ్గదు. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, పైనుంచి మద్దతు కలిసినప్పుడే తగ్గుతుంది. 2020 ఆగస్టులో, మళ్ళీ 2023 జులైలో హనుమకొండ, వరంగల్ కాలనీలు నీట మునిగినప్పుడు నయీంనగర్ నాలా ఎవరి మతమూ అడగలేదు. బియ్యం మూటలు, నీళ్ళ బాటిళ్ళు మోసినవాళ్ళలో అన్ని గల్లీల పిల్లలూ ఉన్నారు. కోవిడ్ రోజుల్లో సొంతవాళ్ళు కూడా భయపడి దూరంగా నిలబడితే, తెలంగాణలో ఎన్నో చోట్ల ముస్లిం యువకులు హిందువుల శవాలకు అంత్యక్రియలు జరిపించారు. ఎంజీఎం ఆసుపత్రిలో రక్తం కావాలని అర్ధరాత్రి మెసేజ్ వస్తే గ్రూపు ఏమిటని అడుగుతారు కానీ గోత్రం అడగరు. విచారం ఏమిటంటే, వరద తగ్గగానే ఆ బంధమూ తగ్గుతుంది. దాన్ని నిలబెట్టే ఏర్పాటు ఎవరూ చేయరు. ఎన్ఎస్ఎస్ ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఆ పని చేయగలదు. ఒకే గదిలో పడుకుని, ఒకే వంట తిని, ఒకే కాలువ తవ్వే అవకాశం అది. శ్రద్ధ పెట్టే లెక్చరర్ ఒక్కరున్నా చాలు, సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్ళు స్నేహితులై తిరిగి పోతారు.

హనుమకొండలో మాట జరగాల్సిన ఇంకో చోటు అద్దె గది. కాకతీయ యూనివర్సిటీ చుట్టూ, నయీంనగర్‌లో, సుబేదారిలో గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు, డీఎస్సీకి చదివే పిల్లలు వేలల్లో ఉంటారు. గది అడగ్గానే వచ్చే మొదటి ప్రశ్న ‘మీరేమోళ్ళు?’ పేరు విని తలుపు మూసేవాళ్ళు ఉన్నారు. అలా మూసిన తలుపు ఒక పిల్లగాడికి నేర్పే పాఠాన్ని పది సదస్సులు కూడా మరిపించలేవు. అదే, గ్రంథాలయంలో పక్క కుర్చీలో కూర్చుని కరెంట్ అఫైర్స్ పంచుకునే స్నేహితుడు ‘ఈ ఇంటి ఓనరుతో నేను మాట్లాడతా’ అని ముందుకొస్తే, మతాల మధ్య మాట అంటే ఏమిటో ఆ ఇంటి ఓనరుకు కూడా తెలుస్తుంది.

ఎలా మాట్లాడాలి అన్నదాని మీద ప్రపంచంలో చాలా పని జరిగింది. 1893లో షికాగో సభ, 1965లో కథోలిక సంఘం ఇతర మతాలను గౌరవిస్తూ చేసిన ప్రకటన, 2011 నుంచి ఐక్యరాజ్యసమితి ఏటా ఫిబ్రవరి మొదటి వారాన్ని మత సామరస్య వారంగా పెట్టుకోవడం, 2015 డిసెంబర్‌లో భద్రతామండలి 2250వ తీర్మానంలో శాంతి పనిలో యువతకు చోటివ్వాలని చెప్పడం ఆ దారిలో కొన్ని మజిలీలు. హైదరాబాద్‌లో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఈ రంగంలో దశాబ్దాలుగా పని చేస్తోంది. అన్నిట్లోకీ ఇక్కడి హాస్టల్ గదికి నేరుగా పనికొచ్చేది అమెరికన్ పండితుడు లియొనార్డ్ స్విడ్లర్ చెప్పిన ఒక నియమం: మన ఆదర్శాన్ని అవతలివాళ్ళ ఆచరణతో పోల్చొద్దు. వాట్సాప్‌లో తిరిగే తగువుల్లో చాలా భాగం ఈ ఒక్క తప్పు మీదే నడుస్తుంది. మా గ్రంథంలో దయ ఉందని చెప్తాం, మీవాళ్ళు ఫలానా చోట ఇలా చేశారని వీడియో పెడతాం. ఆదర్శానికి ఆదర్శం, తప్పుకు తప్పు పెట్టి చూస్తే ఆ తగువు సగానికి వస్తుంది.

వాట్సాప్ 2018లో మన దేశంలో ఫార్వర్డ్‌కు ఐదు చాట్ల హద్దు పెట్టింది. 2020లో ఎక్కువగా తిరిగిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా చేసింది. పుకారు వేగం తగ్గింది కానీ ఆగలేదు. ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్న పెట్టిన పాత వీడియోను చూసి ‘ఇది మన దగ్గరిది కాదు పెదనాన్నా, ఎప్పటిదో’ అని మర్యాదగా చెప్పగలిగేది ఇంట్లో పిల్లలే. వాళ్ళు ఆ మాట అనడానికి కావాల్సిన ధైర్యం చిన్నది కాదు. పెద్దల ముందు నోరెత్తడమే తప్పని పెరిగిన ఇళ్ళు అవి.

చిన్నగా కనిపించి పెద్ద గాయం చేసే విషయం తిండి. రూమ్మేట్ ఊరి నుంచి తెచ్చిన ప్రసాదం పెడితే ముస్లిం స్నేహితుడో క్రైస్తవ స్నేహితుడో తీసుకోలేదు. పెట్టినవాడికి అది తన దేవుణ్ణి కాదన్నట్టు అనిపిస్తుంది. కాదన్నవాడికి తన విశ్వాసం ముఖ్యం. ఇక్కడ చాలా స్నేహాలు మాటలేకుండా చల్లబడతాయి. అడిగితే తేలిపోయే సంగతి ఇది. దేవుడికి నివేదించకముందే వేరుగా తీసిన లడ్డూ పెట్టొచ్చు. తినకపోయినా చేతిలోకి తీసుకుని కళ్ళకద్దుకునేవాళ్ళు ఉన్నారు. అదీ కుదరకపోతే ‘నాకు తినకూడదు అన్నా, నీ మీద ప్రేమ తక్కువై కాదు’ అని చెప్పొచ్చు. కాదనే హక్కు లేని చోట అవుననడానికి కూడా విలువ ఉండదు. పీర్ల పండుగకు పాత తరం కలిసింది తేడాలను అడగకుండా. ఈ తరం తేడాలను అడిగి తెలుసుకుని కలవాల్సి ఉంటుంది. ఇది కష్టమైన దారే అయినా, చదువుకున్న పిల్లలకు ఇంతకన్నా నిజాయితీ ఉన్న దారి లేదు.

ఈ మొత్తం చర్చలో అమ్మాయిలు ఎక్కడా లేకపోవడం బాధ కలిగించే విషయం. శాంతి కమిటీలో లేరు, యూత్ కమిటీలో లేరు. కానీ కాలేజీలో బతుకమ్మ ఆడేటప్పుడు తంగేడు, గునుగు పేర్చే చేతుల్లో బుర్ఖా వేసుకున్న అమ్మాయి చేతులు, మెడలో సిలువ ఉన్న అమ్మాయి చేతులు కలుస్తాయి. కొందరు పాట పాడతారు, కొందరు పూలు అందించి పక్కన నిలబడతారు. ఎవరికి ఎంతవరకు వీలో వాళ్ళ మధ్య ఒక అవగాహన ఉంటుంది. మగపిల్లలు సభలు పెట్టి నేర్చుకోవాల్సింది వీళ్ళకు ఇప్పటికే తెలుసు. దాన్ని ఊరి నిర్ణయాల దాకా రానివ్వడం లేదు.

క్రైస్తవ యువత విషయంలో ఇంకో చిక్కు ఉంది, దాన్ని మర్యాద కోసం దాచడం వల్ల లాభం లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవంలోకి మారిన దళితులు మన దగ్గర బీసీ-సీ కిందికి వస్తారు. అందువల్ల ఆదివారం ప్రార్థనకు పోయే పిల్లల్లో కొందరు కాలేజీ ఫారంలో ఇంకో మతం రాయాల్సిన పరిస్థితి ఉంది. తన మతం పేరు బయటికి చెప్పడానికే జంకే పిల్లను వేదిక మీద క్రైస్తవుల ప్రతినిధిగా కూర్చోమంటే ఎలా వస్తుంది? కులం గురించి మాట్లాడకుండా మతాల మధ్య మాట పూర్తి కాదు.

క్యాలెండర్ ఒక మేలు చేస్తుంది. హిజ్రీ సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది కాబట్టి, రెండు పండుగలు ఎప్పుడు ఒకచోటికి వస్తాయో ఏళ్ళ ముందే తెలుస్తుంది. 2016లో దసరా అక్టోబర్ 11న, మొహర్రం పదో రోజైన ఆషూరా ఆ మర్నాడు వచ్చాయి. 2023లో నిమజ్జనం, మిలాద్ రెండూ సెప్టెంబర్ 28నే పడ్డాయి. హైదరాబాద్‌లో మిలాద్ ఊరేగింపు నిర్వాహకులు తమ జులూస్‌ను అక్టోబర్ 1కి మార్చుకున్నారు. ముందే మాట్లాడుకుంటే ఎంత పెద్ద టెన్షన్ అయినా ఎలా తేలికవుతుందో ఆ ఏడాది అందరూ చూశారు.

2027లో మహాశివరాత్రి మార్చి 6న. రంజాన్ చివరి పది రోజులు అప్పుడే నడుస్తుంటాయి. నెలవంక ఒకరోజు అటూ ఇటూ అయినా, రంజాన్‌లో పవిత్రమైన రాత్రి షబే ఖదర్ జాగరణ, శివరాత్రి జాగారం ఒకే రాత్రికో పక్కపక్క రాత్రులకో వస్తాయి. వేములవాడలో, వేయిస్తంభాల గుడి దగ్గర, వరంగల్ మండీబజారులో జనం తెల్లవార్లూ మేలుకునే ఉంటారు. బండ్లు ఎక్కడ ఆపాలి, మైకులు రాత్రి ఎప్పుడు ఆపాలి, ఎటువైపు మోగాలి, సహరీకి (తెల్లవారకముందు భోజనానికి) లేచేవాళ్ళకు, ఉపవాసం ఉన్నవాళ్ళకు చాయ్ బండి ఏ మూల పెట్టాలి అన్నవి అప్పుడు తప్పకుండా వచ్చే ప్రశ్నలు. శాంతి కమిటీ మీటింగ్ మార్చి మొదట్లో ఎలాగూ పెడతారు. రెండు గల్లీల యూత్‌లు సంక్రాంతి సెలవుల్లోనే ఒకచోట కూర్చుంటే, ఆ మీటింగ్‌కు పెద్దలు వచ్చేసరికి రూట్ మ్యాప్ గీసి ఉంటుంది.